గట్టు మీద రెండు వీపులు

మా అత్త నన్ను దోనెలో నిలబెట్టి, చేతికి గెడ ఇచ్చి, ఒక్క తోపు తోసి, అటు తిరిగి నిలబడింది. నాకప్పుడు పదేళ్లు. నన్ను ఎవరైనా అలా వదిలేయగలరని అప్పటిదాకా నాకు తెలియదు. ఏడుద్దామంటే చూసేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేకుండా ఏడవడం నాకు అలవాటు లేదు.

అసలు నేను అమ్మ చెయ్యి వదిలి నడిచి ఎరగను. తాడేపల్లిగూడెంలో మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే బడి కనిపిస్తుంది. అయినా అమ్మ వెంట ఉండాల్సిందే. ఎండలో తిరిగితే వడదెబ్బ, వానలో తడిస్తే జ్వరం, మట్టిలో ఆడితే కురుపులు. "నీ పేరేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే నా బదులు అమ్మే చెప్పేసేది. అలా చెప్పగా చెప్పగా, ఇల్లు దాటితే నాకు గొంతు పెగలడమే మానేసింది. ఆరో తరగతికి చేర్చాలని ఒక పెద్ద బడికి తీసుకెళితే అక్కడి హెడ్‌మిస్ట్రెస్ నన్ను ఏవేవో అడిగింది. అన్నిటికీ జవాబులు తెలుసు. నేలకేసి చూస్తూ నిలబడ్డాను. "పాపకి ఏదైనా లోపం ఉందాండీ?" అని ఆవిడ అమ్మని అడిగింది. జూన్‌లో ఇంకోసారి తీసుకురమ్మంది, అప్పుడూ మాట్లాడకపోతే చేర్చుకోలేమంది. ఇంటికొచ్చాక అమ్మ అన్నం ముట్టలేదు.

ఆ వేసవిలోనే అమ్మకి ఏలూరులో టీచర్ల ట్రైనింగ్ పడింది. నాన్నది ఊళ్లు తిరిగే ఉద్యోగం. కొల్లేటి లంకలో ఉన్న వాళ్లక్క దగ్గర నన్ను దింపుతానన్నాడు. అమ్మ నా పెట్టెలో గ్లూకోజు పొట్లాలు, టోపీ, దోమల క్రీము సర్దింది. నేను యుద్ధానికి వెళ్తున్నానేమో అన్నట్టుంది ఆ పెట్టె.

లంకలో మొదటి ఆదివారమే నాకు మతిపోయింది. అత్త ఇంటి ముందు గట్టు, గట్టు కింద కాలవ, కాలవకి అవతల చర్చి. నాకంటే చిన్నపిల్లలు తలకి నూనె రాసుకుని, ఉతికిన బట్టలేసుకుని, తాటిదోనెల్లో నిలబడి గెడ వేసుకుంటూ అవతలికి వెళ్లిపోతున్నారు. తాటిమానుని తొలిచి చేసిన పడవ అది. అడుగు గుండ్రంగా ఉంటుంది, ఒంటి బరువు ఒక పక్కకి పడితే చాలు, బోర్లా కొడుతుంది. పాలపళ్లైనా ఊడని ఒక పిల్ల ఒక్కతే వెళుతోంది. వాళ్లమ్మ గట్టు మీద ఇళ్ల వైపు తిరిగి జడ అల్లుకుంటోంది. ఇదెక్కడి తల్లి అనుకున్నాను. అటు చూడమని అత్త కొంగు పట్టి లాగాను.

"చూడకూడదే కోడలా," అంది అత్త. "మనం చూస్తున్నామంటే అది నీళ్లు మానేసి మన మొహం చూస్తుంది. పిలిచామనుకో, తల తిప్పుద్ది. తల తిప్పితే నడుం తిరుగుద్ది. నడుం తిరిగితే దోనె తిరగబడుద్ది. అందుకే పిల్ల గెడ పట్టిందంటే పెద్దాళ్లు అటు తిరగాల్సిందే. మీ నాన్నకీ అలాగే తిరిగాం."

"మరి మునిగిపోతే?" మనసులో అనుకున్నాననుకున్నాను, పైకే అనేశాను.

"ఈ కాలంలో నడుంలోతు నీళ్లే. గెడ చప్పుడు వింటానే ఉంటాగా."

మర్నాడు పొద్దున్నే నా వంతు వచ్చింది. కాలవ సగానికి కూడా చేరలేదు, "అత్తా" అని కేకేసి వెనక్కి తిరిగాను. ఆవిడ చెప్పినట్టే జరిగింది. ముందు తల, తర్వాత నడుము, తర్వాత దోనె. నోటి నిండా బురద నీళ్లు, నెత్తిన గుర్రపుడెక్క మొక్కలు. నేను కాళ్లూనుకునేలోపే అత్త చీర ఎగ్గట్టి నీళ్లలో నా పక్కనుంది. ఎత్తుకుంటుందేమో, అయ్యో తల్లీ అంటుందేమో అని చూశాను. దోనెని తిరగేసి, నీళ్లు తోడేసి, "ఎక్కు. కొల్లేరు సగం తాగేశావు, చేపలకి కాస్త ఉంచు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత రాతిగుండె మనిషికి నా మొహం కూడా చూపించకూడదని, ఆ కోపంతోనే మళ్లీ ఎక్కాను. ఆ పూటంతా పడుతూనే ఉన్నాను. తర్వాత్తర్వాత పడటం తగ్గింది. గెడ బురదలో దిగబడిపోతే పీకులాడకుండా వదిలేయాలని, పాదాలు ఎడంగా పెట్టాలని, కళ్లు ఎదర ఉండాలని ఒంటికే తెలిసిపోయింది. పెట్టెలో టోపీ పెట్టెలోనే ఉంది.

ఒకనాడు ఎదురుగా ఒక దోనె వస్తోంది. దాంట్లో కోరమీసాల పెద్దాయన, గుట్టగా వేసిన వలలు. ఆయన వలల వైపే చూసుకుంటున్నాడు. గుద్దేస్తాడు. నా బదులు చెప్పడానికి ఎవరూ లేరు.

"ఏవండీ, కాస్త పక్కకండీ."

ఆ గొంతు ఎవరిదా అని నేనే అటూ ఇటూ చూడబోయి ఆగాను. ఆయన తలెత్తి "అలాగేనమ్మా" అని పక్కకి జరిగాడు. అంత మీసాలున్న మనిషి నేను చెబితే జరిగాడు. ఇంటికొచ్చి అత్తకి చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం.

ట్రైనింగ్ అయిపోయిన మర్నాడు, ఆదివారం, అమ్మ చెప్పాపెట్టకుండా వచ్చేసింది. అప్పుడే నేను తెల్లగౌను వేసుకుని చర్చికి బయల్దేరి, గట్టుని గెడతో తన్ని నీళ్లలోకి వచ్చాను. ఓరకంట నీలం చీర కనబడింది. గట్టు మీద నుంచి పరుగులాంటి నడకతో వస్తోంది. అమ్మే. అమ్మ పిలుస్తుంది. పిలవకుండా ఉండటం అమ్మ వల్ల కాదు. ఆ గొంతు వింటే తిరగకుండా ఉండటం నా వల్ల కాదు, పుట్టినప్పటి నుంచీ తిరుగుతున్నాను. తిరిగితే ఇంతే సంగతులు. అమ్మ కళ్ల ముందు మునుగుతాను, ఇక జన్మలో నన్ను గడప దాటనివ్వదు.

గెడ వేస్తూ ఆ పిలుపు కోసం చూస్తున్నాను. రాలేదు. కాలవ సగం దాటాను. రాలేదు. గూడబాతులు నెత్తి మీద నుంచి వెళ్తుంటే రెక్కల చప్పుడు వినబడింది. అవతలి గట్టున దోనె తగిలాక దూకి, అప్పుడు తిరిగి చూశాను.

గట్టు మీద రెండు వీపులున్నాయి. ఒకటి అత్తది. పక్కనే నీలం చీర, భుజానికి ఇంకా హ్యాండ్‌బ్యాగ్ వేలాడుతూనే ఉంది. నోట్లో కొంగు కుక్కుకున్నట్టుంది, భుజాలు అదిరిపోతున్నాయి. మా అమ్మ నాకు వీపు తిప్పింది. దోనెలో పిల్లలు వెళ్లడం, అత్త తోసేయడం, మీసాలాయన జరగడం, అవేవీ దీని ముందు లెక్కలోకి రావు.

"అమ్మా, చేరిపోయాను. ఇక తిరగొచ్చు," అని ఇంటివైపు గట్టుకి వినబడేలా అరిచాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ కోపం ఇంకా చల్లారలేదు. "మీరు పిలవొద్దంటే నోరు నొక్కుకుని అటు తిరిగాను. అసలు మీకు మనసెలా ఒప్పిందండీ వదినగారూ? పసిపిల్లండీ అది."

అత్త చేపల పులుసు వడ్డిస్తూ, "నాకేం ఒప్పిందమ్మా," అంది. "చూళ్లేకే కదా అటు తిరిగేది." ఇన్నాళ్లూ రాతిగుండె అనుకున్న మనిషి మొహంలోకి నేను అప్పుడే సరిగ్గా చూశాను.

మర్నాడు ఏలూరులో బస్సెక్కాం. గుండుగొలను దగ్గరికి వచ్చేసరికి కండక్టరు మా సీటు దగ్గర ఆగాడు. చివర్లో కూచున్నది నేను. "ఎక్కడికి పాపా?" అన్నాడు.

అమ్మ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. తెరిచి, మూసుకుంది. పర్సు నా ఒళ్లో పెట్టి, మొత్తానికి మొత్తం కిటికీ వైపు తిరిగిపోయింది. అటు చూడటానికేమీ లేదు, లారీలు తప్ప.

"తాడేపల్లిగూడెం అండీ. ఒక ఫుల్లు, ఒక హాఫు."

కండక్టరు టికెట్లు చింపి నా చేతికిచ్చి ముందుకెళ్లిపోయాడు. అమ్మ ఇంకా అటే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మెల్లగా ఆ వీపు మీద చెయ్యి వేసి, "ఇక తిరగొచ్చమ్మా," అన్నాను.