నేను వదిలిన ముంగిస

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళోని మా ఇంట్లో ఆదివారం భోజనానికి వచ్చినవాళ్ళెవరూ నా హవాయి కథ వినకుండా పెరుగు దాకా వెళ్ళలేరు. ఆ దీవులకే చెందిన అడవిబాతు జాతి ఇంకా మిగిలి ఉందంటే నా చలవేనని చెబుతుంటాను. మొన్న ఒకమ్మాయి పట్టేసింది.

"అంకుల్, పోయినసారి మీరు సేవ్ చేసింది ఇరవై బాతులు. ఇప్పుడు అరవై అయ్యాయేంటి?"

"పిల్లల్ని పెట్టాయమ్మా."

అందరూ నవ్వారు. నిజానికి నేను కాపాడింది ఒక్కటీ లేదు.

డెబ్భైల చివర్లో మట్టి పరీక్షల పని మీద హవాయి పెద్దదీవిలో ఒక శీతాకాలమంతా ఒంటరిగా ఉన్నాను. తెలుగు చెవిన పడేది వారానికోసారి, ఫోన్‌లో మా ఆవిడ గొంతులోనే. అదీ "లాంగ్ డిస్టెన్సండీ, ఉంటాను" అనేదాకానే.

సెలవురోజుల్లో బాతుల కాపలాదారుకు సాయం వెళ్ళేవాణ్ణి. ఆ దీవిలోనే పుట్టిన పెద్దాయన. ఒకసారి గోరింకల గోల విని మా ఊరి పిట్టలని మురిసిపోయాను.

"ఇక్కడ వినపడేవన్నీ మీ ఊరివే, ప్రొఫెసర్. మావి వినపడటం మానేశాయి" అన్నాడు.

ముంగిసలూ మన దేశానివే. చెరకుతోటల్లో ఎలుకల్ని తింటాయని తెచ్చారట. ఎలుకలది నైట్ డ్యూటీ, వీటిది డే డ్యూటీ. ఎదురుపడితేగా! నేల మీద గూడు కట్టే బాతుల గుడ్ల మీద పడ్డాయి. అందుకే గూళ్ళ చుట్టూ బోనులు పెట్టేవాళ్ళం. పడినదాన్ని బోనుతో సహా నీళ్ళ డ్రమ్ములో ముంచెయ్యాలి.

మేనకోడలి పెళ్ళికి పక్క దీవికి వెళ్తూ పెద్దాయన ఒక గూడు నాకు అప్పగించాడు. నల్లటి లావా రాళ్ళ మధ్య బాతు, దాని కింద మూడు గుడ్లు.

"నాలుగు రోజులు. బోను చూసుకో, అంతే."

మొదటిరోజే ఒకటి పడింది. ముంగిస ఎదురైతే శుభమనుకునే ఇంట్లో పెరిగినవాణ్ణి.

"ఏం బావా, మనది ఏ జిల్లా?" అన్నాను.

అది బుర్ర తిప్పి చూసింది. ఆ చూపుకే తలుపు ఎత్తేశాను. నా డబ్బాలోని ఉడికించిన గుడ్డు పెడితే, రాయికి వీపు పెట్టి, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి విసిరి పగలగొట్టింది. చప్పట్లు కొట్టాను. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. గంటల తరబడి దానితో తెలుగులో మాట్లాడాను. పెరుగన్నం కూడా అలవాటు చేశానని చెబుతుంటాను గానీ, అబద్ధం. మూతి తిప్పేసుకుంది.

నాలుగోరోజు రాలేదు. గూడు దగ్గరికి వెళ్ళాను. రాయి మొదట్లో మూడు గుడ్ల పెంకులు. బాతు మాత్రం ఖాళీ గూటి మీద కూర్చునే ఉంది. పక్కన మగది మెడ చాచి కాపలా కాస్తోంది.

పెద్దాయన వచ్చి ఆ పెంకులన్నీ ఏరి టోపీలో వేసుకున్నాడు.

"బోనులో ఏమైనా పడిందా?"

"ఏమీ పడలేదు."

ఖాళీ బోను తలుపు ఒకసారి ఎత్తి దించి చూశాడు. తర్వాత అన్నాడు. "నేను పెళ్ళికి వెళ్ళకుండా ఉండాల్సింది."

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మరుసటి ఏడు ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రెండో మేనకోడలి పెళ్ళికి రానని చెప్పేశాడట. గుడ్లున్నన్నాళ్ళూ గూడు విడిచి కదలడట. చివర్లో 'నీ సాయానికి థాంక్స్, ప్రొఫెసర్' అని రాశాడు.

ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. భోజనాలకు వచ్చినవాళ్ళకు పైభాగం బొటనవేలితో మూసి, ఆ ఆఖరి ముక్క ఒక్కటే చూపిస్తాను.