తాళం వేసిన మార్ఫీన్

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అననీ. ఆ కోపం ఎక్కడ మొదలైందో వాళ్ళకి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు.

ఇంగ్లిష్ వాళ్ళ పాలన చివరి రోజుల్లో, మారిషస్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి మందుల గదికి నేను పెద్దని. నా కింద ముగ్గురు డిస్పెన్సర్లు. వాళ్ళలో ఒకాయన ఆఫ్రికా మూలాలున్న క్రెయోల్ మనిషి, వయసులో నాకంటే చాలా పెద్ద, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. మిగతా ఇద్దరూ నా తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్ళు. దగ్గు మందు దగ్గర్నుంచి పుండ్లకి రాసే లేపనం దాకా అన్నీ మేమే కలిపేవాళ్ళం.

క్యాన్సర్‌కి విడిగా వార్డు లేదు. ఆడవాళ్ళ వార్డు చివర ఒక తెర, తెర వెనక ఆరు మంచాలు. ఆపరేషన్ వల్ల లాభం లేదని తేలినవాళ్ళని అక్కడికి చేర్చేవారు. ఓడ మీద ఎప్పుడైనా కొత్త ఇంజెక్షన్లు వస్తే అవి ఎవరికి దక్కేవో నాకు తెలుసు. తెర వెనకవాళ్ళకి మాత్రం కాదు. వాళ్ళకి మేం ఇవ్వగలిగింది మార్ఫీన్ ఒక్కటే. అదీ సరిగ్గా ఇవ్వలేదు.

మార్ఫీన్ ఉండే అలమారకి రెండు తాళాలు. ఒక తాళంచెవి నా దగ్గర, రెండోది తెల్లదొర అయిన సూపరింటెండెంట్ దగ్గర. ప్రతి మోతాదుకీ ఆయన సంతకం కావాలి. ఆయన తొమ్మిదింటికి వచ్చి మూడింటికి వెళ్ళిపోయేవాడు. ఆ మూడింటి నుంచి మర్నాడు తొమ్మిది దాకా తెర వెనక ఏం జరిగేదో నర్సులకి తెలుసు. రాత్రికి సరిపడా మందు వార్డులో ఉంచుదామని ఆయన్ని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. చెరకు కూలీలకి ఆ మందు అలవాటైతే ఇక వదలరని ఆయన జవాబు. వారం రోజులు బతకని మనిషికి అలవాటేమిటని అడగాల్సింది. అడగలేదు. "సరే సర్" అని తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. అలా ఏడేళ్ళు సరే సర్ అన్నాను.

అప్పుడు సుయాక్ వైపు ఎస్టేట్ నుంచి ఒక అవ్వ వచ్చింది. చెరకు తోటల్లో కలుపు తీసి తీసి చేతులు చెక్కలా అయిపోయిన మనిషి. రొమ్ములో పుండు. బాగా ముదిరిపోయాక తీసుకొచ్చారు. మా తాతలాగే వాళ్ళ తాత కూడా తెలుగు దేశం నుంచి కూలీల ఓడలో వచ్చినవాడే. నేను మందిరంలో పంతులుగారి దగ్గర అక్షరాలు దిద్ది తెలుగు నేర్చుకున్నాను. ఆమెకి చదువు లేదు. ఆమె తెలుగంతా దేవుడి పాటల్లోనూ చుట్టరికాల పిలుపుల్లోనూ ఉంది, మిగతాదంతా ఆ దీవిలో అందరూ మాట్లాడే క్రెయోలే. నన్ను నాయనా అని పిలిచేది. కూతురు రోజూ రెండు బస్సులు మారి వచ్చి పక్కన నిలబడేది.

ఒక శనివారం పొద్దున వార్డు సిస్టర్ మా గదికి వచ్చింది. నిన్న మూడింటి నుంచీ ఎవరికీ చుక్క మందు పడలేదని చెప్పింది. సూపరింటెండెంట్ రాలేదు. ఎవరో తోట యజమాని పిలిస్తే జింకల వేటకి వెళ్ళాడు, జేబులో తాళంచెవితో సహా. ఆ ఎస్టేట్‌కి ఫోన్ చేశాను. గుమస్తా ఎత్తి, కనుక్కుని చెబుతానన్నాడు. గంట తర్వాత జవాబొచ్చింది. సోమవారం చూస్తారట.

నేను తెర వెనక్కి వెళ్ళాను. అవ్వ తువ్వాలు నోట్లో కుక్కుకుని కొరుకుతోంది. పక్క మంచాలకి వినపడకూడదని అలా చేస్తోందట, కూతురు చెప్పింది. నన్ను చూసి తువ్వాలు తీసింది.

"నాయనా, ఎన్ తిగిత్ మందు ఇయ్యి. తిగిత్ చాలు."

కొంచెం చాలట. మా క్రెయోల్‌లో తిగిత్ అంటే అదే. అంత నొప్పిలో కూడా ఎక్కువ అడిగితే తప్పేమో అనుకుంది.

మెట్లు దిగి మందుల గదికి వచ్చాను. అలమార ముందు నిలబడ్డాను. ముసలి డిస్పెన్సర్ నా వెనకే వచ్చి, తలుపు అంచులు తడిమి చూశాడు.

"షెఫ్, తాళాలు మనకెందుకు. తలుపు బందులు బయటికే ఉన్నాయి," అన్నాడు క్రెయోల్‌లో. పైఅధికారిని అక్కడ షెఫ్ అంటారు.

ఎక్కడి నుంచో మరలు తిప్పే పనిముట్టు తెచ్చాడు. ఒక్కొక్క మరా ఊడదీసి జేబులో వేసుకున్నాడు. తలుపు పక్కకి వచ్చింది. రెండు తాళాలూ వేసినవి వేసినట్టే వేలాడుతున్నాయి.

ఆరు మంచాలకీ సరిపడా మార్ఫీన్ మిక్స్చర్ కలిపాను. రిజిస్టర్‌లో పేర్లు, మోతాదులు, వేళలు రాశాను. కింద ఇంకో వాక్యం రాశాను: సూపరింటెండెంట్ జింకల వేటకి వెళ్ళినందున ఈ మందు నా బాధ్యత మీద ఇచ్చాను. సంతకం పెట్టాను. పెద్దాయన కలం తీసుకుని నా సంతకం కింద తనదీ పెట్టాడు. మిగతా ఇద్దరూ పెట్టారు. నేను ఎవరినీ అడగలేదు.

ఆ రెండు రోజులూ వంతులు వేసుకుని, నాలుగేసి గంటలకి ఒకసారి మందు పైకి పంపాం. ఆదివారం మధ్యాహ్నం అవ్వ టీ అడిగి తాగింది. తల దువ్వమని కూతురికి చెప్పింది.

సోమవారం సూపరింటెండెంట్ నన్ను పిలిచాడు. ఆయన ముందు రిజిస్టర్ ఉంది. తలుపు సంగతి మరిచిపోతానన్నాడు, ఆ వేట ముక్క మాత్రం కొట్టెయ్యమన్నాడు. ఆరుగురు ఆడవాళ్ళు నొప్పితో అల్లాడిన సంగతి ఆయన ఎత్తనే లేదు. ఆయన బాధంతా ఆ వాక్యం గురించి.

"నిజమే రాశాను సర్. కొట్టెయ్యను," అన్నాను.

ఆ వారంలోనే నన్ను మహేబోర్గ్ డిస్పెన్సరీకి బదిలీ చేశారు. పెద్దాయన్ని ముందుగానే ఇంటికి పంపేశారు. అలమారకి ఇనుప తలుపు పెట్టించారు. అవ్వ మరో పది రోజులు బతికిందని తర్వాత తెలిసింది. ఆ పది రోజులూ మళ్ళీ తొమ్మిది నుంచి మూడు దాకానే మందు.

మహేబోర్గ్‌లో సంత రోజున ఆమె కూతురు కనిపించింది. నేను పలకరిస్తే కూరగాయల సంచి కింద పెట్టింది. నెమ్మదిగా అడిగింది.

"ఆ మందు మొదటి నుంచీ అక్కడే ఉందా, అన్నా?"

ఉందన్నాను. తలూపింది. సంచి ఎత్తుకుని బస్సు వైపు వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

స్వాతంత్ర్యం వచ్చింది. జెండా మారింది. అందరితో పాటు నేనూ రోడ్డు మీద నిలబడి చప్పట్లు కొట్టాను, అబద్ధం చెప్పను. నన్ను మళ్ళీ పాత ఆసుపత్రి మందుల గదికి పెద్దగా పంపారు. కొత్త సూపరింటెండెంట్ మనవాడు, కూలీల మనవడు, లండన్‌లో చదివాడు. మొదటి రోజే ఆయన దగ్గరికి వెళ్ళి తాళాల సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, కొత్త దేశం కదా, మార్ఫీన్ విషయంలో మొదట్లోనే చెడ్డపేరు తెచ్చుకోకూడదన్నాడు.

తెల్లవాడి మీద అరవలేకపోయిన అరుపులన్నీ ఆయన మీద అరిచాను. గది బయట గుమస్తాలు లేచి నిలబడ్డారు. ఉద్యోగం తీసెయ్యండి, కానీ ముందు ఒక్కరోజు నాలుగింటికి వచ్చి ఆ తెర వెనక కూర్చోండి అన్నాను.

ఎందుకొచ్చాడో తెలియదు కానీ వచ్చాడు. సిస్టర్ కుర్చీ వేసింది. పావుగంట కూడా కూర్చోలేకపోయాడు. వరండాలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ మర్నాడే ఉత్తర్వు వచ్చింది: రెండు రోజులకి సరిపడా మిక్స్చర్ సిస్టర్ దగ్గర ఉంటుంది, గడియారం ప్రకారం నాలుగేసి గంటలకి ఇవ్వాలి.

నా కింద పనిచేసేవాళ్ళు నాకు దండ వేద్దామన్నారు. వద్దని కసిరాను. ఆ ఉత్తర్వు ఒకే ఒక్క కాగితం. టైపిస్టుకి పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఎవరికీ దొరక్క ఎంతమంది తువ్వాళ్ళు కొరుక్కుంటూ పోయారో, వాళ్ళందరికీ మందు కలపాల్సినవాణ్ణి నేనే. నాకు కోపం తగ్గించుకోమని చెప్పేవాళ్ళకి ఈ సంగతి తెలియదు.