ఘాటు రోడ్డుకు పనికొచ్చే గిన్నెలు

బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక నేను కొన్న పాత వ్యానుకు వంక పెట్టని మనిషి మా వీధిలో లేడు. నేను పట్టించుకోలేదు. లోపల పడుకోవడానికి బల్లలు, ఒక గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము అమర్చాను. ఎక్కడ ఆగితే అక్కడే ఇల్లు. నేను, నా భార్య, ఆమె చెల్లెలు, చెల్లెలి భర్త, ఈ నలుగురం మార్కాపురంలో బయలుదేరి, గిద్దలూరు మీదుగా నల్లమల ఘాటు దాటి, ఆపైన ఎటు బుద్ధి పుడితే అటు పోవాలని నా ఆలోచన. బండి గురించి నాకు బెంగ లేదు. దిగులంతా తిండి దగ్గరే.

నా భార్యకు పక్షవాతం వచ్చి తగ్గింది. నడక వచ్చింది, మాట వచ్చింది, కుడిచేతి పట్టు మాత్రం తిరిగి రాలేదు. అప్పటినుంచి ఎడమచేత్తో తింటుంది. అందులో తప్పేముందని నేను. తప్పు కాదు, సిగ్గు అని ఆమె. ఇంటికి ఎవరొచ్చినా, చివరకు సొంత చెల్లెలొచ్చినా, ఆకలి లేదని చెప్పి, తర్వాత వంటింట్లో గోడ వైపు తిరిగి తినేది. బంతిలో కూర్చుంటే పక్కవాళ్లను కూడా నవ్వించి ఇంకో ముద్ద తినిపించే మనిషి! అట్లాంటిది ఇప్పుడు గోడతో కలిసి భోంచేస్తోంది.

వ్యాను ప్రయాణం మాట ఎత్తగానే ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఎడమచేత్తో తినేదాన్ని, అంత చిన్న బండ్లో నలుగురి ముందర ఎట్ల కూసుంటానయ్యా? మీరు పోయి రాండి."

ఆమె లేకుండా నేనెక్కడికి పోతాను? ఘాటు మలుపుల్లో బస్సు నిండా జనాన్ని తిప్పినవాణ్ని, ఈ ఒక్క మనిషిని తిప్పలేనా అనుకున్నాను. మర్నాడే బజారుకు పోయాను.

సామాన్ల దుకాణాయన నాకు బాగా తెలిసినవాడే. నన్ను చూడగానే పూల బొమ్మల ఫైబరు ప్లేట్లు ముందు పరిచాడు. "పడినా పగలవు మామా, తేలిక. బండికి ఇంతకంటే ఏం కావాల?"

తేలికగా ఉండటమే దాని తెగులు. బ్రేకు వేస్తే ప్లేటు ఒళ్లో ఉండదు. గళ్ల గళ్ల స్టీలు ప్లేటు చూపించాడు. మలుపులో పప్పు పోయి పెరుగులో కలుస్తుందన్నాను. పేపరు ప్లేటంటే నాకు మొదటినుంచీ గిట్టదు, ఎత్తితే వంగిపోతుంది. అట్టముక్కను వాలుగా పెట్టి, ఒక్కో ప్లేటును దానిమీద జార్చి చూస్తుంటే ఆయనకు విసుగొచ్చింది. "ఏంది మామా, తినడానికా, పందేనికా?"

నాకు కావలసింది నాకు తెలుసు. అడుగు బరువుగా ఉండాలి, రెండో చెయ్యి పట్టుకోకపోయినా కదలకూడదు. అంచు నిలువుగా ఉండాలి, ఒంటిచేత్తో నెట్టినా మెతుకు గోడకు ఆని స్పూనులోకి రావాలి. చివరకు వెనక అరలో దొరికాయి, మందపాటి స్టీలు గిన్నెలు. నలుగురికీ ఒకేరకం తీసుకున్నాను. ఆమె ఒక్కదానికే తీసుకుంటే మొత్తం చెడుతుంది.

ఇంటికొచ్చి వ్యానులో ప్రతి సీటుకూ కుడిపక్కన వెడల్పాటి బెల్టు పట్టీ బిగించాను. చెయ్యి దూర్చితే చాలు, పట్టుకునే పని లేదు. మరదలూ తోడల్లుడూ రాగానే, నా భార్య వింటుండగా గట్టిగా చెప్పాను. "ఇది నా బండి. ఘాట్లో తినేటప్పుడు కుడిచెయ్యి పట్టీలో ఉండాల, ఎడమచేతిలో స్పూను ఉండాల. దొర్లినోళ్లను నేను ఎత్తను."

మరదలు నా మొహం చూసింది, అక్క మొహం చూసింది. "సరే బావా" అంది, అంతే. పొద్దున చూస్తే నా భార్య బ్యాగు సర్దుకుని వ్యానులో కూర్చుని ఉంది. నాకు ఈల వేయాలనిపించింది.

గిద్దలూరు దాటి ఘాటు ఎక్కాక మరదలు గిన్నెల్లో బొరుగుల ఉగ్గాని పెట్టింది. నేను నిదానంగా తోలుతూ అద్దంలో చూశాను. ముగ్గురి కుడిచేతులూ పట్టీల్లో ఉన్నాయి. తోడల్లుడికి ఎడమచేత్తో తినడం చేతకాక బొరుగులన్నీ చొక్కా మీదే పోసుకుంటున్నాడు. అతన్ని చూసి నా భార్య నవ్వింది. ఆ నవ్వు నేను విని ఎంతకాలమైందో! కళ్లు మసకబారాయి. మంచి చోటు చూసి బండి పక్కకు ఆపాను.

నా గిన్నె తీసుకుని వాళ్ల మధ్య కూర్చున్నాను. నేనూ కుడిచెయ్యి పట్టీలో దూర్చాను. అందరం ఎడమచేత్తో బుద్ధిగా తింటున్నాం. నా భార్య మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది.

"బండి నిలబడి ఎంతసేపాయె. ఇంకా పట్టీలెందుకు పట్టుకున్నారు?"

దొంగలు దొరికినట్టు దొరికిపోయాం. మరదలు తల దించుకుంది. నేను ఏదో చెప్పబోతే నా భార్య చెప్పనివ్వలేదు. తన కుడిచెయ్యి పట్టీలోంచి తీసి, అందరికీ కనబడేలా ఒళ్లో పెట్టుకుంది.

"నాకోసం నాటకాలు చాలు. మీ చేత్తో మీరు తినండి, నా చేత్తో నేను తింటా" అని స్పూను పక్కన పెట్టి, మా అందరి ఎదురుగా ఎడమచేత్తోనే ఉగ్గాని తీసి నోట్లో పెట్టుకుంది.