సాయమ్మ నోట మొగని పేరు

1938 ఎండాకాలం. నాంపల్లిలోని ఒక దవాఖానలో, మగవాళ్ల వార్డులో నర్సుగా ఉన్నాను. ఆ రోజుల్లో రోగం కనిపెట్టడం కంటే రోగి పేరు కనిపెట్టడమే మాకు పెద్ద పని. భార్య భర్త పేరు పలకదు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. అడ్మిషన్ బల్ల దగ్గర "ఏడుకొండల మీదుంటడు" అంటే వెంకయ్య అనీ, "మెడల పామేసుకుంటడు" అంటే శివయ్య అనీ మేమే విప్పుకోవాలి.

ఆబిడ్స్ వైపు నుంచి స్త్రీల సంఘం వాళ్లు కొందరు వచ్చి, భర్త పేరు ధైర్యంగా చెప్పండని వార్డుల్లో ఉపన్యాసాలిచ్చేవారు. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ కదా! వాళ్లలో ఒకావిడను వాళ్లాయన పేరేమిటని నేనే అడిగితే, పక్కావిడ మొహం చూసింది.

ఒక మధ్యాహ్నం ఆబిడ్స్‌లో కడుతున్న మేడ మీంచి పడ్డ కూలీని నలుగురు మోసుకొచ్చారు. తోటివాళ్లకు అతను ‘పాలమూరోడు’ అని మాత్రమే తెలుసు. కన్‌కషన్ అన్నారు డాక్టరుగారు. అంటే తలకు దెబ్బ తగిలి, మెదడు అదిరి స్పృహ తప్పడం. అలాంటి రోగిని మాటిమాటికీ పేరు పెట్టి పిలిచి చూడాలి. పలికితే గండం గడుస్తున్నట్టు. సాయంత్రానికీ పలకకపోతే పుర్రెకు రంధ్రం చేయాల్సి వస్తుందన్నారు. చేసినా బతుకుతాడని భరోసా ఇవ్వలేదు.

ఇంకోచోట కూలి పనిలో ఉన్న అతని భార్య సాయమ్మ, కబురు విని చేతులకు సున్నంతోనే పరుగెత్తుకొచ్చింది.

"నీ పెనిమిటి పేరేంది?" అని అడిగాను.

"గదొక్కటి అడగకు నర్సమ్మా. అసలే ఆయన పానం అటో ఇటో ఉన్నది. గిప్పుడు నేను పేరు తీస్తే దక్కుతడా?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె ఆ సున్నం చేతులతోనే అతని పాదాలు రుద్దుతోంది. అది చూశాక కసురుకోబుద్ధి కాలేదు.

"పోనీ, ఏ దేవుని పేరో చెప్పు."

"గుట్ట మీదుంటడు. సింహం మొగం."

"నర్సింహా!" అని అతని చెవి దగ్గర పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. "ఇగో, జర గిటు సూడు" అని సాయమ్మ ఇంట్లో పిలిచినట్టే పిలిచింది. కదల్లేదు. పొద్దు వాలుతోంది. డాక్టరుగారు ఆపరేషన్‌కు చేతులు కడుక్కోవడానికి లేచారు.

"సాయమ్మా, నా గొంతు ఆయనకు ఎరుక లేదు. నువ్వే పేరు పెట్టి పిలువు," అన్నాను.

ఆమె గోడవైపు తిరిగి దండం పెట్టుకుంది. తర్వాత మంచం పట్టె పట్టుకుని, "నర్సింహా! ఓ నర్సింహా!" అని వార్డంతా అదిరేలా అరిచింది.

కనురెప్పలు కదిలాయి. ఒక కన్ను తెరిచి, "ఏందే... పేరు పెట్టి పిలుస్తున్నవ్?" అని గొణిగాడు.

వార్డంతా నవ్వులు. సాయమ్మ మంచం పక్కనే కూలబడి ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఆ పేరే అతన్ని లేపిందో, లేచే వేళకు పేరు వినబడిందో చెప్పలేను. పుర్రె తెరిచే పని మాత్రం తప్పింది.

తర్వాత యుద్ధం రోజులొచ్చాయి. రేషన్ దుకాణం ముందు నిలబడ్డ ఆడవాళ్లు ఇంటాయన పేరు చెప్పాల్సి వచ్చింది. వెనకనుంచి జనం తోస్తుంటే పొడుపుకథలు ఎవరు వింటారు? ఉపన్యాసాలకు లొంగని నోళ్లు అక్కడ తమకు తెలియకుండానే తిరిగాయి. ఎప్పుడు తిరిగాయో నేనూ గమనించలేదు.

1946లో నేను కాన్పుల వార్డులో ఉండగా సాయమ్మ తన కూతురిని తీసుకొచ్చింది.

"మీ ఆయన పేరు?" అన్నాను.

"రాములు," అనేసింది ఆ పిల్ల నొప్పుల మధ్యే. తానేదో కొత్త పని చేశానన్న ధ్యాస కూడా లేదు. తల్లి ఏమంటుందోనని సాయమ్మ వంక చూశాను.

"నాకు పానం మీదికొస్తెగాని రాని మాట, దీనికి ఊకెనే వచ్చింది," అంది.

"కోపమొచ్చిందా?"

"ఏం కోపం నర్సమ్మా! నా లెక్క భయపడలే. గంతే సాలు."

జనం మాట మార్చాలని మేం ఎన్నో చెప్పాం. దాని వెనకున్న భయం పోతే మాట దానంతటదే మారుతుందని సాయమ్మ వల్ల తెలిసింది. ఆ తర్వాత కూడా, పేరు చెప్పలేక ఏ ముసలామె అయినా నా ముందు నిలబడితే, తొందర పెట్టేదాన్ని కాదు. ఏ దేవుడో అడిగేదాన్ని.