అరవై మూడో నంబరు చేతిరాత

అక్క చేతిరాత బాగుంటుందని అందరూ అనేవారు. అది విని విని నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే నాది కోడి కెలికినట్టు ఉంటుంది. కాలేజీలో పట్టాల మీద విద్యార్థుల పేర్లు రాయడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు రాసింది. ఎవరెవరి గోడల మీదో అక్క రాత అద్దం వెనక వేలాడుతోంది, అన్నీ వేరేవాళ్ళ పేర్లే.

తర్వాత కాలేజీవాళ్ళు పట్టాలు ప్రింటరులో తీసుకోవడం మొదలుపెట్టి అక్కను ఇంటికి పంపేశారు. నెల తిరక్కుండానే బావ ఇంకో ఘనకార్యం చేశాడు. బావ గడియారాలు బాగుచేస్తాడు. మంచివాడే, కానీ తన సామాను తప్ప ఇంకొకళ్ళ సామాను ఆయన కంటికి ఆనదు. అలమరలో చోటు కావాలని అక్క నిబ్బుల పెట్టె తీసి పాత సామాన్ల వాడికి ఇచ్చేశాడు. "ఇంకా ఎవరికి రాయాలని?" అని పైగా ఒక మాట కూడా అన్నాడు.

అక్క ఏడవలేదు, అరవలేదు. ఆయనతో మాట్లాడడం మానేసింది. ఇంట్లో మళ్ళీ కలం ముట్టలేదు. మూడు నెలలు వాళ్ళ సంసారం, వాళ్ళింట్లోనే ఉండే నా మీదుగా నడిచింది.

"మీ బావతో చెప్పవే, కూర మాడిందని."

"నువ్వు మాడ్చావని చెప్పనా, దానంతటదే మాడిందని చెప్పనా?" అనేదాన్ని.

బావ పక్కనే కూర్చుని అంతా విని, ఆ కూరే తినేవాడు. తప్పయిపోయిందని మాత్రం అనలేదు. క్షమించమనే కాదు, ఎవరినీ ఏదీ అడగడం రాదు ఆ మనిషికి.

నేను పనిచేసేది ఒక కంప్యూటర్ కంపెనీ పరిశోధన విభాగంలో. పెద్ద చదువేదో చదివాననుకునేరు, నా మొహం. మనుషుల చేతిరాత చదవడం యంత్రానికి నేర్పుతున్నారక్కడ. జనం రాసిన కాగితాలు తెర మీదికి వస్తే ఒక్కో మాట చుట్టూ మౌసుతో గడి కట్టడం నా పని. ఆ తర్వాత పేజీ మాటలుగా విడిపోయి, మాటలన్నీ కలగలిసిపోతాయి. ఒకరి సొంత సంగతి ఇంకొకరు చదవకూడదని ఆ ఏర్పాటు. మేమూ చదవకూడదు. అందరికంటే వేగంగా గడులు కట్టేది నేనే, ఒక్క ముక్క కూడా చదవను కాబట్టి. ఇంట్లో ఈ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

అక్క ఊరికే కూర్చోవడం చూడలేక ఒకరోజు కాగితాలు రాయడానికి అక్కడికే తీసుకెళ్ళాను. నిటారుగా కూర్చుని, పట్టా రాసినట్టు మొదలుపెట్టింది. పరిశోధన చూసే సారు నవ్వాడు.

"ఇంత బాగా రాస్తే యంత్రం ఏం నేర్చుకుంటుందమ్మా? హడావుడిగా, ఎలా వస్తే అలా రాసేయండి."

అక్క మూతి ముడుచుకుంది. ఆపైన ఇచ్చిన వాక్యాలన్నీ గబగబా గీకి పారేసింది. ఆఖరి పేజీ మాత్రం ఎవరికైనా ఉత్తరంలాగా, మనసులో ఉన్నది రాయాలి. దానికి చాలాసేపు పట్టింది.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగింది.

"ఆఖరి కాగితం మీ బావకి రాశానే. నోటితో చెప్పడం నా వల్ల కావట్లేదు. ఆ కాగితాలు తిరిగి ఇస్తారా?"

"ఇస్తార్లే," అన్నాను, ఖాళీ సీటు కోసం చూస్తూ. ఇవ్వరని నాకు తెలుసు. నిలబడి వివరించే ఓపిక లేక అనేశాను.

నాలుగో రోజు పొద్దున గుండె ఆగి అక్క పోయింది.

రెండు వారాల తర్వాత పనిలోకి వెళ్ళాను. దుఃఖం దిగమింగుకోవడానికి వంచిన తల ఎత్తకుండా గడులు కట్టాను. ఆ నెలాఖరున బావ ఇల్లంతా వెతుకుతూ కనిపించాడు.

"మీ అక్క రాసిన ముక్క ఇంట్లో ఒక్కటి లేదు," అన్నాడు.

బస్సులో మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు.

సారు దగ్గరికి పరుగెత్తాను. రాసేవాళ్ళకు పేర్లుండవు, అక్క అరవై మూడో నంబరు. కాగితాలు చించేశారు, నిండు పేజీల బొమ్మలు చెరిపేశారు. రాసినవాళ్ళకు ఇచ్చిన మాట అది. గడులు ఎవరు కట్టారని అడిగాను. ఆయన తెర నా వైపు తిప్పాడు. నా పేరే ఉంది. అక్క పోయిన పదహారో రోజు.

అక్క ఉత్తరం నిండు పేజీగా నా కళ్ళ ముందుకు వచ్చింది. నేను చదవలేదు. హడావుడి రాత కదా, అక్కదని పోల్చుకోలేదు కూడా. ఒకే పలక మీద దిద్దుకున్నవాళ్ళం.

సారు జాలిపడి, అరవై మూడో నంబరు విడి మాటలన్నీ అచ్చు తీయించి ఇచ్చాడు. అందరి మాటల మూట కొన్ని నెలలకే ఎన్నో కాలేజీలకు ఉచితంగా వెళ్ళిపోయిందట, విద్యార్థులు దాంతో పాఠాలు నేర్చుకుంటున్నారట. వాళ్ళు అచ్చు వేసిన పరిశోధన వ్యాసం చివర, రాసి ఇచ్చినవారికి కృతజ్ఞతలని ఒక లైను ఉంది. ఏడాది తిరిగేసరికి మా ఊరి ఆసుపత్రి కౌంటరు మీదికి పలకంత యంత్రం వచ్చింది. డాక్టర్ల రాత కూడా చదివేస్తోంది. అందులో అక్క చెయ్యి ఉందని అక్కడెవరికీ తెలియదు.

ఇచ్చిన వాక్యాల్లో మాటలు తీసేస్తే ఉత్తరంలోవి ఎనభై ఏడు మిగిలాయి. కత్తిరించి బావ బల్ల మీద పోశాను. ఆయన గడియారాల భూతద్దం కంటికి పెట్టుకుని పేర్చడం మొదలుపెట్టాడు. పెట్టె. మీరు. అలమర. రేపు. నిబ్బులు. కోపం. "కోపం" ఒక్కటే ఉంది. "ఉంది" ఒకటి, "లేదు" ఒకటి. ఏడాదిగా ఇదే పని ఆయనకు. ఒకరోజు "కోపం" పక్కన "లేదు" పెడతాడు. మర్నాడు అది తీసి "ఉంది" పెడతాడు.

మొన్న నన్ను పిలిచాడు.

"గడులు కట్టింది నువ్వే కదా. కోపం పక్కన ఏముందో కాస్త గుర్తు తెచ్చుకోమ్మా."

ఆయన ఒకరిని ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు.

"కోపం లేదనే రాసింది బావా. నాకు బాగా గుర్తు," అన్నాను.

ఆయన భూతద్దం తీసి నన్ను చూశాడు.

"నువ్వు ఒక్క ముక్క చదవవు కదమ్మా."

ఆయన జిగురు తీసి ఆ రెండు మాటలూ అట్ట మీద పక్కపక్కనే అంటించాడు. మిగిలిపోయిన "ఉంది"ని చొక్కా జేబులో పెట్టుకుని, బాగుచేయాల్సిన గడియారం ముందుకు లాక్కున్నాడు.