ఆ ముగ్గురూ దిగేలోపు

షోలాపూర్ భవాని పేట్‌లో, నా చిన్నప్పుడు, మా ఇంటిని ఇరవై మగ్గాల ఇల్లు అనేవారు. నాకు ఊహ తెలిసేసరికి ఆ పేరూ ఒక్క మగ్గమూ మిగిలాయి. మా తాతయ్య ఆ మగ్గం ముందు వంగేవాడు గానీ, మనుషుల ముందు వంగగా నేను చూడలేదు.

ఆ ఎండాకాలం ఆయన ఒక పెళ్ళిచీర నేస్తున్నాడు. శనివారం పొద్దున ఇవ్వాలి. మాట తప్పితే ఇక మాకు పని ఇచ్చేవారు లేరు, మగ్గం అమ్ముకోవడమే.

మంగళవారం ఆయన స్నానానికి లేవగానే నేను మగ్గం గుంటలో కూర్చుని అడ్డపోగు మోసే నాడె విసిరాను. అది నిలువు పోగుల పడుగు మధ్యలోనే ఆగింది. చూసుకోకుండా, పోగును దగ్గరికి కొట్టే పలకతో గుద్దాను. నాడె మీద బిగిసిన పోగులు రెండు వందలకు పైగా ఫట్‌మని తెగాయి.

అదే రోజు, బీడీలు చుడుతూ రేడియో వినే పక్కింటి అక్క గోడ మీంచి చెప్పింది. చంద్రుడి మీదికి బయలుదేరిన ముగ్గురి నౌకలో ప్రాణవాయువు తొట్టి పేలిందట. తిరిగి రావడం కష్టమట.

మా ఇంట్లోనే నేత నేర్చుకుని పవర్‌లూమ్ కార్ఖానా పెట్టినాయన సాయంత్రం గడపలో నిలబడ్డాడు.

"ఏంది పెద్దాయనా, ఆ ముగ్గురి లెక్కనే మీ మగ్గం గూడ ఖతమేనా? కోసి పారెయ్యుండ్రి. చీర నా కార్ఖానల నుంచి ఇస్త, మగ్గం నాకియ్యుండ్రి."

తాతయ్య తల ఎత్తలేదు. "పోగు తెగితే అతుకుతరు. నేర్పిన గదరా, మర్చిపోయినవా?"

తాతయ్య నన్ను తిట్టలేదు, వదిలిపెట్టనూ లేదు. పక్కన కూర్చోబెట్టి, పోగు జారకుండా నా వేళ్ళకు బూడిద అద్దాడు. తెగిన ప్రతి కొసకూ దాని జోడు వెతికి, బొటనవేలితో మెలిపెట్టి అతకాలి. యాభై దాటేసరికి ఏడుపొచ్చింది.

"ఆ ముగ్గురూ దిగేదాక నువ్వు లేవొద్దు బిడ్డా," అన్నాడు.

రోజూ సాయంత్రం అక్క వార్త తెచ్చేది. ఆ ముగ్గురూ దీపాలార్పుకుని, చంద్రుడి మీద దిగడానికి తీసుకెళ్ళిన చిన్న పడవలోకి సర్దుకున్నారు. గడ్డకట్టే చలి, గుక్కెడు నీళ్ళు.

"ఉన్నదాంతోనే రావాలె," అనేవాడు తాతయ్య, చేతిలో పోగు వదలకుండా.

కార్ఖానా ఆయన దారిన పోతూ, "ఇంకా బతికే ఉన్నరా?" అని నవ్వాడొకసారి.

"నీ నోట్ల మన్నువడ! వాళ్ళూ ఉన్నరు, మగ్గమూ ఉన్నది," అంది అక్క.

శుక్రవారం చీకటి పడేలోపు నేత పూర్తయింది. అయినా తాతయ్య మగ్గం మీంచి చీర కోయలేదు. శనివారం పొద్దున అక్క కేక వినబడింది: "దిగిండ్రు! ముగ్గురూ సముద్రంల దిగిండ్రు!" అప్పుడు కోశాడు.

అతుకులు చీర నడుమ సన్నటి గీతలా కనబడుతున్నాయి. లోపలికి మడిచేద్దామన్నాను. ఆయన ఆ భాగాన్నే పైకి పరిచి పెళ్ళివాళ్ళ ముందు పెట్టాడు. "తెగింది, అతికినం. సూసి తీస్కోండ్రి." పెళ్ళికూతురి నాయనమ్మ ఆ గీత మీద వేలు నడిపింది. చీరను మడిచి చంకన పెట్టుకుంది.

ఆ మగ్గం ఇప్పుడు నీలం నగర్‌లో మా ఇంట్లో ఉంది. మొన్న హోటల్ వాళ్ళొచ్చి అలంకారానికి అమ్ముతారా అని అడిగారు. "నేస్తున్నం, కనబడ్తలేదా?" అన్నాను. ఏదైనా తెగిన రోజున, కత్తెర అందుకునే ముందే నా బొటనవేలు బూడిద కోసం వెతుకుతుంది.