నేను ‘ఊ’ అనేదాకా ఆగిన చేతులు

పోయిన సోమవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, “నాగర్‌కర్నూల్ డాక్టరమ్మ పోయిందంట బిడ్డా” అంది. గొంతు బాగా తగ్గించి అంది. కోడేరులో మా వాకిట్లో పక్కింటివాళ్లు ఉండి ఉంటారు. అంత మేలు చేసిన మనిషి చావు కబురు కూడా మా ఇంట్లో గుసగుసగానే చెప్పుకోవాలి. నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు వచ్చింది.

ఎందుకో చెబుతాను. తొమ్మిదో తరగతిలో నాతోటి పిల్లలందరూ పెద్దమనుషులయ్యారు, నేను కాలేదు. నెలకోసారి పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి మాత్రం వచ్చేది. పదిలోకి వచ్చేసరికి కడుపు ఎత్తుగా కనబడింది. బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవారు. నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మ బడి మాన్పించింది, ఎవడని అడిగింది, కొట్టింది, పచ్చి బొప్పాయి కోసి బలవంతంగా తినిపించింది. నేను ఏ తప్పూ చేయలేదు. అయినా అందరూ అలా చూస్తుంటే నాకు తెలియకుండానే ఏదో చేశానేమోనని భయమేసేది.

ఒకరోజు మూత్రం కూడా ఆగిపోయింది. అప్పుడు అమ్మ నాకు నిండా చున్నీ కప్పి బస్సెక్కించింది.

డాక్టరమ్మ పొట్టి మనిషి. కళ్లద్దాలు ఎప్పుడూ ముక్కు మీదికి జారుతూ ఉండేవి. ఎన్నో నెలో చూడమని అమ్మ నేల చూస్తూ అడిగింది. ఆమె అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చబరుచుకుంది. తర్వాత అమ్మను వదిలేసి నా వైపు తిరిగింది.

“కడుపు మీద చెయ్యి పెట్టనా బిడ్డా?”

నేను ‘ఊ’ అనేదాకా చేతులు అలాగే ఆపింది. అప్పటిదాకా నా ఒంటి గురించి నన్ను అడిగినవాళ్లు లేరు.

స్కానింగ్ అయ్యాక అమ్మను కూర్చోబెట్టి చెప్పింది. “నీ బిడ్డ ఎప్పుడో పెద్దమనిషైంది. పుట్టుకతోనే కింద దారికి అడ్డంగ పొర ఉన్నది. నెలనెలా వచ్చేదంత లోపల్నే నిండింది. గంతే.”

మత్తిచ్చి ఆ పొర కోస్తే చాలట. అమ్మ ఏడుస్తూనే, పొర కోస్తే రేపు పెళ్లప్పుడు మాట రాదా అని అడిగింది. డాక్టరమ్మకు కోపం వచ్చింది. ఆ పొర గురించి నీ బిడ్డ ఎవ్వనికీ జవాబు చెప్పే పనిలేదని గట్టిగా అంది. కాసేపటికి చల్లబడి, పిల్లలు కూడా అందరిలాగే పుడతారని అమ్మకు కాదు, నాకు చెప్పింది.

ఆపరేషన్ తర్వాత కడుపు తగ్గింది. ఊరికి ఏం చెప్పాలన్నదే మిగిలింది. ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అని చెబుదామంది అమ్మ. మా దిక్కు అపెండిక్స్‌ను అలాగే అంటారు. డాక్టరమ్మను కూడా అదే చెప్పమని బతిమాలింది.

“నేను ఎవ్వలకీ ఏం చెప్ప. నువ్వు ఏమన్న చెప్పుకో. పిల్లతోని మాత్రం అబద్ధం చెప్పియ్యకు” అంది ఆమె.

అమ్మ చెప్పించింది. అత్తవారింట్లోనూ అదే చెప్పాను. తర్వాత కాన్పుకు ఆమె దగ్గరికే పోయాను. మా అత్త, ఆడబిడ్డ, చిన్నత్త అందరూ నా బదులు జవాబులు చెబుతుంటే, “కడుపు ఆమెది, అడిగేది ఆమెను. మీరంత జర బయట చాయ్ తాగుండ్రి” అని పంపేసింది. చేతులు రుద్దుకుంది. మళ్లీ అడిగింది.

కబురు తెలిసిన రోజే అమ్మా నేనూ డాక్టరమ్మ చివరిచూపుకు పోయాం. ఆమె ఇంటి ముందు ఆడవాళ్లు ఎవరి కాన్పు ముచ్చట వాళ్లు చెప్పుకుని ఏడుస్తున్నారు. బల్మూర్ నుంచి వచ్చిన ఒకామె, నీ బిడ్డకేం చేసిందని అమ్మను అడిగింది. అమ్మ నోరు తెరిచి, ఆగి, నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి నా మాట కోసం చూసింది. నేను తల వంచుకున్నాను. అమ్మ ఆమె వైపు తిరిగి, “ఇరవైనాలుగు గంటల నొప్పికి” అంది.

ఆ సిగ్గు ఇంకా దిగలేదు. మా ఊళ్లో ఈ పత్రిక చదివేవాళ్లున్నారు. తెలిసే ఇదంతా రాశాను.

అద్దాల పెట్టెలో డాక్టరమ్మ చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. కళ్లు మూసుకుంటే మాత్రం అవే చేతులు రుద్దుకుని, వెచ్చబడి, నా జవాబు కోసం ఆగి ఉన్నాయి.

ఊ, మేడం.